సభ నడిపే పని – 5వ పాఠం: వారానికి పదిహేడున్నర గంటలు

కేబినెట్ ఆమోదించిన బిల్లు నోటీసుగా లోక్‌సభ సచివాలయానికి చేరేదాకా గత పాఠంలో చూశాం. అక్కడి నుంచి ఓటింగ్ ఫలితం ప్రకటించేదాకా ఈ పాఠం. పార్లమెంటరీ వ్యవహారాల విభాగంలో, పార్టీ విప్ (సభ్యులను సభకు, ఓటింగ్‌కు రప్పించే బాధ్యుడు) కార్యాలయంలో కొత్తగా చేరినవాళ్లు కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. మొదట లెక్కతోనే పని.

లోక్‌సభ ఉదయం 11 నుంచి 1 దాకా, మళ్లీ మధ్యాహ్నం 2 నుంచి 6 దాకా కూర్చుంటుంది. 11 నుంచి 12 ప్రశ్నోత్తరాలు. ఆ తర్వాతి గంట సభ ముందు పత్రాలు పెట్టడానికి, జీరో అవర్‌కు సరిపోతుంది. రోజుకు మీ చేతికి దక్కేది నాలుగు గంటలే. శుక్రవారం చివరి రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యుల (మంత్రులు కానివారి) బిల్లులవి, తీర్మానాలవి కాబట్టి ఆ రోజు గంటన్నరే మిగులుతుంది. నాలుగు రోజులు నాలుగేసి గంటలు, పైన గంటన్నర: వారానికి 17.5 గంటలు. 193వ నిబంధన కింద చర్చకు (ఓటింగ్ లేని స్వల్పకాలిక చర్చ) ఒప్పుకుంటే అదీ ఇందులోంచే పోతుంది. గొడవతో సభ వాయిదా పడితే ఆ గంటలూ ఇందులోవే. అందుకే 17.5కి 17.5 నింపి పట్టిక తయారు చేయకండి. పన్నెండు గంటల పని రాసుకుని, మిగతాది చేతిలో ఉంచుకోండి. నిండా రాసిన పట్టిక మంగళవారానికే తలకిందులవుతుంది. అక్కడి నుంచి వారమంతా సర్దుబాటే.

గంటలు పంచేది బీఏసీ, అంటే బిజినెస్ అడ్వైజరీ కమిటీ. స్పీకర్ అధ్యక్షతన, ఆయనతో కలిపి 15 మందికి మించని కమిటీ ఇది. బిల్లుకు ఎంత సమయమో తేల్చి, నివేదికను సభ ఆమోదానికి పెడుతుంది. ఆ సమయం పార్టీల బలాన్ని బట్టి విడిపోతుంది. నాలుగు గంటల బిల్లంటే 240 నిమిషాలు. దాన్ని 543తో భాగిస్తే ఒక్కో సభ్యుడి వాటా అర నిమిషం కూడా కాదు. 2024 ఎన్నికల బలాబలాల ప్రకారం 240 మంది ఉన్న బీజేపీకి 106 నిమిషాలు, 99 మంది ఉన్న కాంగ్రెస్‌కు 44, 16 మంది ఉన్న తెలుగుదేశానికి 7 నిమిషాలు వస్తాయి. నలుగురున్న వైసీపీ వాటా రెండు నిమిషాలు కూడా లేదు. రెండు నిమిషాల్లో ఎవరూ బిల్లు మీద మాట్లాడలేరు, సభాపతులూ అంత కచ్చితంగా గంట కొట్టరు. చిన్న పార్టీలన్నిటికీ అలా నాలుగైదు నిమిషాలు అదనంగా ఇస్తూ పోతే చర్చ కేటాయించిన సమయం కన్నా గంట పైనే ఎక్కువ సాగుతుంది. ఈ సాగుడు సభకు మంచిదే. దాన్ని ముందే లెక్కలో వేసుకోవడం మీ పని. వక్ఫ్ సవరణ బిల్లుకు ఎనిమిది గంటలు కేటాయిస్తే, 2025 ఏప్రిల్ 2న మొదలైన చర్చ అర్ధరాత్రి దాటింది. ఓటింగ్ ముగిసి 288–232తో బిల్లు నెగ్గేసరికి తేదీ మారిపోయింది. అన్ని గంటలూ సభ్యులను సభలో నిలబెట్టిన రెండు పక్షాల విప్‌ల శ్రమను ఆ అంకెల్లోనే చూడండి.

ఇక తేదీలు. బిల్లు ప్రవేశపెట్టే తీర్మానానికి మంత్రి ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రవేశపెట్టడానికి రెండు రోజుల ముందే ప్రతులు సభ్యులకు అందాలి. తొందర ఉంటే కారణాలు రాసి స్పీకర్‌ను మినహాయింపు అడగవచ్చు. ప్రతి బిల్లుకూ అడిగితే మాత్రం, నిజంగా అవసరమైన రోజున మీ మాటకు బరువుండదు. ప్రవేశాన్నే వ్యతిరేకించదలచిన సభ్యులు ఆ రోజు ఉదయం 10 లోపు నోటీసు ఇస్తారు. పదింటికల్లా ఆ నోటీసులు తెప్పించుకుని, అభ్యంతరం ఏ అధికరణ మీదో చూసి, మంత్రి చేతికి అరపేజీ జవాబు చేర్చండి. ఖజానా నుంచి ఖర్చయ్యే బిల్లయితే రాజ్యాంగం 117(3) అధికరణ కింద రాష్ట్రపతి సిఫార్సు, దానితోపాటు ఖర్చు వివరాలు చెప్పే ఆర్థిక మెమొరాండం ఉన్నాయో లేదో మరోసారి చూడండి. ఇది లేదని సభలో ఎవరైనా లేచి ఎత్తిచూపితే బిల్లు అక్కడికక్కడే ఆగిపోతుంది.

బిల్లులోని క్లాజులను ఒక్కొక్కటిగా ఓటుకు పెట్టే దశలో కొత్తవాళ్లు తప్పకుండా తడబడే చోటు ఒకటుంది. ఓటింగ్ 2వ క్లాజుతో మొదలవుతుంది. 1వ క్లాజు (చట్టం పేరు, సంవత్సరం ఉండేది), శాసన సూత్రం (‘పార్లమెంటు ఇలా శాసించుగాక’ అనే ఆరంభ వాక్యం), బిల్లు పేరు చివరికి వస్తాయి. 2024లో ప్రవేశపెట్టి పెండింగ్‌లో ఉన్న బిల్లు 2025లో చర్చకు వచ్చిందనుకోండి. 1వ క్లాజులో ఇంకా '2024' అనే ఉంటుంది. శాసన సూత్రంలో 'భారత గణతంత్రపు డెబ్బై ఐదవ సంవత్సరం' అని ఉంటుంది. రెండింటికీ మంత్రి పేరుతో ప్రభుత్వ సవరణలు పడాలి: ఫలానా పేజీ, ఫలానా పంక్తి, '2024' బదులు '2025', 'డెబ్బై ఐదవ' బదులు 'డెబ్బై ఆరవ'. సవరణల నోటీసు గడువు చర్చకు ఒక రోజు ముందు. ఐదు నిమిషాల పని, కానీ శీతాకాల సమావేశాల్లో వచ్చి బడ్జెట్ సమావేశాలకు మిగిలిన ప్రతి బిల్లులోనూ దీన్ని వెతకండి. మరిచిపోతే గడువు దాటాక స్పీకర్ అనుమతి కోసం పరుగెత్తాలి.

సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, కోరం, మొత్తం సభ్యుల్లో పదో వంతు, అంటే 55 మంది. విప్ కార్యాలయం మాత్రం ఎప్పుడూ 75 మందిని లోపల ఉంచాలి, ఎందుకంటే టీకని, ఫోనని బయటికి వెళ్లేవాళ్లు ఇరవై మంది ఉంటారు. జాబితాలో మెజారిటీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. లెక్కకొచ్చేది సీట్లో ఉన్నవాళ్లే. రాష్ట్రాల వారీగా ఒక్కొక్కరికి పది పన్నెండు మందిని అప్పగించి, రెండేసి గంటల వంతులు వేయండి.

స్పీకర్ మూజువాణి ఓటుతో నిర్ణయం చెప్పాక ఎవరైనా ఒప్పుకోకపోతే డివిజన్, అంటే ఓట్లు లెక్కించడం. లాబీలు ఖాళీ చేయమని ఆదేశం వస్తుంది, గంట మూడున్నర నిమిషాలు మోగుతుంది. ఆ తర్వాత తలుపులు మూస్తారు, ప్రశ్నను రెండోసారి సభ ముందు పెడతారు. బయట ఉండిపోయినవాళ్ల ఓటు పోయినట్టే. అందుకే మంత్రి సమాధానం మొదలవగానే పిలుపు వెళ్లిపోవాలి, గంట మోగేదాకా ఆగకూడదు. సీటు దగ్గర పచ్చ బటన్ అవును, ఎరుపు కాదు, పసుపు తటస్థం. బటన్ పని చేయకపోయినా, పొరపాటు నొక్కినా స్లిప్ అడిగి పేరు, సంతకం, డివిజన్ నంబరు స్పష్టంగా రాయాలి. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశం మీద కొత్త భవనంలో మొదటిసారి ఎలక్ట్రానిక్ ఓటింగ్ జరిగింది. స్లిప్పులు కూడా కలిపాకే 269–198 అని తేలింది.

ఈ అంకెనే ఇంకొంచెం చూడండి. ప్రవేశానికి సాధారణ మెజారిటీ చాలు కాబట్టి 269 సరిపోయింది. రాజ్యాంగ సవరణ బిల్లు నెగ్గాలంటే మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలి. ఆ రోజు ఓటేసిన 467 మందిలో రెండు వంతులంటే 312.

విప్ విషయం. సభ్యులు తప్పక హాజరై పార్టీ చెప్పినట్టు ఓటేయాలన్న లిఖిత ఆదేశమే మూడు గీతల విప్; అందులో తేదీలు, ఏ పనికో రాయండి. చేతికిచ్చినట్టు సంతకం తీసుకోండి, రాత్రి పదింటికి పంపే సందేశం మీద ఆధారపడకండి. ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు కింద విప్ ధిక్కారాన్ని పార్టీ 15 రోజుల్లోగా మన్నించవచ్చు. మన్నించకుండా చర్యకు దిగితే మొదట అడిగేది ఆ సంతకం గురించే.

అభ్యాసం: నాలుగు గంటల బిల్లు ఒకటి, మూడు గంటలవి రెండు, రెండు గంటలది ఒకటి ఉన్నాయి. నాలుగు గంటలది రాజ్యాంగ సవరణ. బుధవారం 193 కింద రెండు గంటల చర్చకు మాట ఇచ్చారు. సోమవారం మధ్యాహ్నం సభ సాగదని కబురు. మీ పక్షం బలం 293. సోమ నుంచి శుక్రవారం దాకా పట్టిక వేసి, రాజ్యాంగ సవరణ ఓటింగ్ ఏ రోజు ఏ గంటకు పెడతారో, లేదా ఈ వారం పెట్టరో, కారణంతో రాయండి. వచ్చే పాఠం మీ పట్టికతోనే మొదలుపెట్టి, రాజ్యసభకు వెళ్లాక ఏమవుతుందో చూద్దాం.