పరుగు డైరీ – 5వ పాఠం: వారం మొత్తం కాదు, ఆ ఒక్క పరుగు చూడండి

పోయిన పాఠంలో వారం మొత్తం కిలోమీటర్లు రాసుకోమన్నాను. వారానికి 10 శాతం దాకా పెంచుకోవచ్చని కూడా రాశాను. అది చదివి కొందరు డైరీలు పంపారు. మూడో వారానికే కాలి ముందు ఎముక నొప్పి అని ఒకరు, పొద్దున లేచేసరికి మడమ వెనక బిగుసుకుపోతోందని ఇంకొకరు రాశారు. తప్పు వాళ్లది కాదు, నేను సగమే చెప్పాను. అందుకే ఈసారి చెప్పాల్సిన ఎత్తుపల్లాల పరుగును వెనక్కి జరిపి, ఆ మిగతా సగం చెబుతాను. షూస్, వార్మప్ జోలికి వెళ్లను. అవి మీకు తెలిసినవే.

చాలా డైరీల్లో ఒకే పేరు కనిపించింది: కెల్విన్ కిప్టమ్. 2023 అక్టోబర్ 8న షికాగోలో 2:00:35కు (2 గంటల 35 సెకన్లు) మారథాన్ ముగించి ప్రపంచ రికార్డు పెట్టిన కెన్యా కుర్రాడు. వారానికి 250 నుంచి 280 కి.మీ. పరిగెత్తేవాడని, ఒక్కోసారి 300 కూడా దాటేవాడని ఆయన కోచ్ జెర్వే హకిజిమానా చెప్పారు. ఆ అంకె చూసి, మనం కనీసం 60 అయినా చేయలేమా అనిపించడం సహజమే. కానీ అదే కోచ్ ఇంకో మాట కూడా చెప్పారు. ఇలాగే సాగితే ఐదేళ్లలో నీ పని అయిపోతుంది, కాస్త తగ్గించు అని శిష్యుణ్ని హెచ్చరించానని. ఆ ఐదేళ్లు ఎవరూ చూడలేకపోయారు. 2024 ఫిబ్రవరి 11న కెన్యాలో జరిగిన కారు ప్రమాదంలో ఇద్దరూ చనిపోయారు. కిప్టమ్‌కు అప్పటికి 24 ఏళ్లు. పరిగెత్తిన మారథాన్లు మూడు, మూడూ గెలిచాడు. అంత దూరం ఆ శరీరం ఎన్నాళ్లు మోసేదో చెప్పడానికి ఆ మూడు పరుగులు చాలవు. కాబట్టి ఆ 300తో మీ డైరీని పోల్చుకోకండి.

పోల్చుకోవాలంటే కెన్యాకే చెందిన మారథాన్ రన్నర్ ఎలియుడ్ కిప్చోగేతో పోల్చుకోండి. నాకు ఆయన పద్ధతే ఇష్టం. ఆయనది వారానికి సుమారు 200 నుంచి 220 కి.మీ. మంగళవారం ట్రాక్, గురువారం లాంగ్ రన్, శనివారం ఫార్ట్‌లెక్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా మార్చి మార్చి పరిగెత్తడం), మిగిలినదంతా నింపాదిగా పరిగెత్తడమే. 2003లో పారిస్‌లో 5,000 మీటర్ల ప్రపంచ టైటిల్ గెలిచాడు. మొదటి మారథాన్ 2013లో. బెర్లిన్‌లో 2:01:09 పరిగెత్తింది 2022లో, 37 ఏళ్ల వయసులో. మొదటి ప్రపంచ టైటిల్‌కీ ఆ టైమ్‌కీ మధ్య 19 ఏళ్లు ఉన్నాయి. ఆ 200 వెనక ఉన్నది ఆ ఏళ్లే.

ఇప్పుడు నన్ను బాగా ఇబ్బంది పెట్టే తప్పు దగ్గరికి వద్దాం. ఒక డైరీ చూడండి. పాత వారం 6, 6, 8, 8, 12. మొత్తం 40. నా మాట ప్రకారం 10 శాతం పెంచి 44 చేశారు. లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఆ 4 కిలోమీటర్లూ ఎక్కడికి వెళ్లాయి? ఆదివారానికి. 12 కాస్తా 16 అయింది. వారం పెరిగింది 10 శాతమే, ఆ ఒక్క పరుగు మాత్రం 33 శాతం పెరిగింది. కాలికి వారం మొత్తం తెలియదు. ఆ పూట ఎంత మోసిందో అదే తెలుస్తుంది. అదే 44ను 8, 8, 8, 8, 12గా పంచి ఉంటే ఏ పరుగూ పాత హద్దు దాటేది కాదు.

ఇది నా ఊహ కాదు. 5,200 మందికి పైగా రన్నర్లను 18 నెలల పాటు గమనించిన అధ్యయనం 2025లో వచ్చింది. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పొడవైన దూరం కంటే ఒక్క పరుగులో 10 శాతానికి మించి ఎక్కువ వెళ్లినవాళ్లకు గాయాలు పెరిగాయి. రెట్టింపు దాటినవాళ్లకైతే రెండింతలకు పైగా. వారం మొత్తాలు పోల్చి చూస్తే మాత్రం అలాంటి సంబంధం కనబడలేదు. ఇది మనలాంటి మామూలు రన్నర్ల మీద చేసిన అధ్యయనం, కాబట్టి మనకు నేరుగా పనికొస్తుంది.

ఎముక సంగతి కూడా చెప్పాలి. పరుగు వల్ల మీద పడే భారం పెరిగినప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని తొలగిస్తుంది, కొత్తది నింపడం ఆ తర్వాత. రోడ్డు తవ్వి కంకర పోసి, తారు ఇంకా వేయని రోజుల్లాంటిదన్నమాట. ఒక్కోచోట ఈ పని పూర్తవడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఊపిరి మాత్రం కొన్ని వారాల్లోనే కుదురుకుంటుంది. అందుకే "ఆయాసం లేదు, ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్దాం" అనిపించే రోజే ఎముక బలహీనంగా ఉండే రోజు కావచ్చు.

డెంగీ వచ్చి ఐదు వారాలు ఆగినవాళ్లు కూడా రాశారు. మీ పాత 12 ఇప్పుడు లెక్కలోకి రాదు, 30 రోజులు దాటిపోయింది. 2, 3 కిలోమీటర్ల నుంచే మొదలుపెట్టండి. ఆగితే అంతా పోతుందనే టెన్షన్ వద్దు. 1950లో చెకోస్లొవేకియా రన్నర్ ఎమిల్ జాటోపెక్ కలుషితాహారం తిని ఆస్పత్రి పాలయ్యాడు. అక్కడి నుంచి బయటికొచ్చిన కొద్ది రోజులకే బ్రస్సెల్స్ యూరోపియన్ పోటీల్లో 5,000, 10,000 మీటర్లు రెండూ గెలిచాడు. అంతకుముందు ఏళ్ల తరబడి చేసిన సాధన ఆ విశ్రాంతిలో ఎక్కడికీ పోలేదు.

అభ్యాసం పెద్దదే, ఒక ఆదివారం మధ్యాహ్నం పడుతుంది. గత 12 వారాల డైరీ తీయండి. ప్రతి పరుగు పక్కన, దానికి ముందు 30 రోజుల్లోని అతి పొడవైన పరుగు దూరం రాయండి. దాన్ని 1.1తో గుణించండి. ఆ రోజు పరుగు ఆ అంకె దాటితే ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టండి. తర్వాత నొప్పి మొదలైన తేదీలను నీలం పెన్నుతో గుర్తించి, ఎరుపుకీ నీలానికీ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. యాప్‌లో కాకుండా కాగితం మీద చేయండి, నేనూ అలాగే చేస్తాను. వచ్చే పాఠం ఆ ఎర్ర గుండ్రాలతోనే మొదలవుతుంది.