దేవరకు పోయిన కారు తిరుగు ప్రయాణం నాడు "టక్" అంటే: సమస్య - పరిష్కారం

ఊర్లో దేవర, అంటే అమ్మవారి జాతర. మూడు రోజులు కారును వేపచెట్టు కింద నిలబెట్టి అందరూ పొట్టేలు కూర, సంగటి మీద పడినారు. నాలుగో పొద్దున డిక్కీలో చెనిక్కాయల మూట, చింతపండు, ఊరగాయ జాడీ ఎక్కినాయి. వెనక సీట్లో పిల్లోళ్లు కొట్టుకుంటాన్నారు. అత్తమ్మ బొట్టు పెట్టి సాగనంపింది. తాళం తిప్పితే టక్. అంతే.

అప్పట్నుంచి ఊరంతా మెకానిక్కే. "బ్యాటరీ పోయిందిలే అల్లుడా" అని ఒక మామ, "తోయండ్రా, అదే వస్తాది" అని ఇంకో మామ.

నేను కర్నూల్లో కార్ల కరెంటు పని చేస్తాను. సంక్రాంతి, ఉగాది, దసరా, ఎవరో ఒకరి ఊరి దేవర... ఏది అయిపోయినా మరుసటి రోజు పత్తికొండ నుంచో కోయిలకుంట్ల నుంచో ఫోను. "అన్నా, స్టార్ట్ కాలే. కొత్త బ్యాటరీ తెప్పించమంటావా?" నేను అడిగేది ఒక్కటే: బ్యాటరీ టెర్మినల్‌ను (తీగ బిగించే చోటును) చేత్తో పట్టుకొని తిప్పి చూసినావా? అవతల చప్పుడుండదు. ఇన్నేండ్లుగా ఇదే.

కాబట్టి ముందు ఆ పని చేయండి. బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద తీగలను పట్టుకొనుండే రెండు క్లాంపులనూ ఒకదాని తర్వాత ఒకటి చేత్తో పట్టుకొని తిప్పండి. వేలితో తిప్పితే కదిలిందంటే అది బిగుతుగా లేనట్టే. 10 నంబరు స్పానర్ అడిగి తెచ్చుకొని బిగించండి. తెల్లగానో పచ్చగానో బూజు మాదిరి పట్టి ఉంటే, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ ఊడదీసి, గ్లాసెడు వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి పోసి కడగండి (బజ్జీలు వేసిన ఇల్లే కదా, సోడా లేకుండా ఉండదు). పోసేటప్పుడు బ్యాటరీ మూత సందుల్లోకి పోనీయొద్దు. ఆరినాక గరుకు కాగితంతో రుద్ది, ముందు పాజిటివ్, ఆఖరుకు నెగటివ్ బిగించండి. క్లాంపు వదులుగా ఉందని సిగరెట్టు పెట్టె రేకు మడిచి దూర్చేవాళ్లను చూసినాను. దయచేసి వద్దు.

ఇది చేసినా కాలేదా? హెడ్‌లైట్ వేయండి. ఎదురుగా గోడ మీద పడే వెలుగును ఒకరిని చూడమని, మీరు తాళం తిప్పండి. ఏం వినిపించింది, వెలుగు ఏమైంది, ఈ రెండూ తెలిస్తే సగం పని అయినట్టే.

టకటకటకమని వరుసగా కొట్టి, లైట్లు చచ్చిపోతే

బ్యాటరీ దిగిపోయింది. ఎందుకు దిగిందో ఎవరూ ఒప్పుకోరు. మూట అడ్డం పడి డిక్కీ పూర్తిగా మూసుకోలేదు, లోపలి బల్బు మూడు రాత్రులు వెలిగింది. లేదంటే పిల్లోళ్లు మధ్యాహ్నమంతా కార్లో కూర్చొని పాటలు పెట్టుకున్నారు. మీటర్ ఉంటే బ్యాటరీ మీద పెట్టండి: పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు వస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12కు దిగితే ఆశ వదులుకొని, ఇంకో బండి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే లావు వైర్లు తెచ్చుకోవాల్సిందే.

ఊర్లో ట్రాక్టర్ లేని వీధి ఉండదు. ట్రాక్టర్‌ది 12 వోల్టుల బ్యాటరీయే కాబట్టి దాన్నుంచి కరెంటు తీసుకోవచ్చు. లారీ జోలికి మాత్రం పోవద్దు. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి, మీ కారులోని కంప్యూటర్ డబ్బా కాలిపోవచ్చు. స్టార్ట్ అయినాక ఆపకుండా గంట సేపైనా నడపండి. మన ఎండలకు మూడు నాలుగేండ్లు దాటిన బ్యాటరీ అయితే ఊరు చేరినాక పరీక్ష చేయించండి. ఇక్కడికి ఇది అయిపోయింది.

ఒక్క టక్, లైట్లు మాత్రం తగ్గకుండా వెలుగుతుంటే

అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే. ఎందుకంటే ఇందులో నేనే మోసపోయినాను, అదీ సొంత బావ కారులో.

మా బావది తుగ్గలి పక్కన పల్లె. ఆ ఏడు సంక్రాంతికి ముందు కారుకు డొక్కులు తీయించి, రంగు కొట్టించినాడు. పండగకు మేమంతా అక్కడే. తిరిగి వచ్చే రోజు పొద్దున "టక్". నేనున్నాను కదా అని అందరూ నావైపే చూసినారు. టెర్మినళ్లు బిగుతుగా, శుభ్రంగా ఉన్నాయి. ట్రాక్టర్ తెచ్చి వైర్లు పెట్టినాను. ఎర్రది బ్యాటరీ పాజిటివ్‌కు, నల్లది, నేర్పినట్టే, బ్యాటరీకి దూరంగా ఇంజిన్ ఇనుముకు. తాళం తిప్పంగానే గుర్రుమని లేచింది. "బ్యాటరీ పోయింది బావా" అని తీర్పు చెప్పేసినాను. కర్నూలుకు వచ్చి కొత్తది వేయించినాడు.

ఉగాదికి అనంతపురం పోతా, గుత్తిలో టీకి ఆగినారు. టక్. ఆ కొత్త బ్యాటరీని పరీక్షిస్తే బలం లేదని చూపించింది. షాపుకు తీసుకుపోతే వాళ్లు ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టి "బాగానే ఉంది" అని ఇచ్చేసినారు. ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్ విప్పినా. బాగుంది. తాళం తిప్పితే ఇంజిన్‌ను తిప్పి లేపే స్టార్టర్ మోటారు దించినా. అదీ బాగుంది. జొన్నగిరి చేలల్లో తొలకరికి వజ్రాలు వెతికినట్టు రెండు రోజులు వెతికినాను. ఆఖరుకు, ఒకటికి పదిసార్లు తాళం తిప్పుతుంటే ఏదో కాలిన వాసన వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే గేరు కేబుల్ చుర్రుమంది.

గేరు కేబుల్ వేడెక్కే పనేముంది? స్టార్టర్‌కు పోవాల్సిన కరెంటు దాని గుండా పోతే తప్ప వేడెక్కదు. అంటే ఆ కరెంటు పోవాల్సిన అసలు దారి మూసుకుపోయింది.

ఆ దారి పేరు ఎర్త్ వైరు. బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక తీగ కారు బాడీకి పోతుంది. ఇంజిన్ మాత్రం రబ్బరు దిమ్మెల మీద కూర్చొని ఉంటుంది, బాడీకి అంటదు. అందుకని బాడీ నుంచి ఇంజిన్‌కో గేరుబాక్సుకో ఇంకో లావు తీగ ఉంటుంది. కొన్ని కార్లలో జడ అల్లినట్టు రాగి పట్టీ ఉంటుంది, కొన్నిట్లో నెగటివ్ తీగే బాడీని తాకి ముందుకు గేరుబాక్సుకు పోతుంది. బావ కారులో రంగు కొట్టినవాళ్లు ఆ పట్టీ విప్పి, కొత్త రంగు మీదనే మళ్లీ బిగించేసినారు. పైనుంచి చూస్తే బోల్టు మెరుస్తాంది, కింద లగ్గుకూ (పట్టీ కొనకుండే రింగుకూ) ఇనుముకూ మధ్య మాత్రం రంగు పొర.

మరి ఇన్నాళ్లు ఎట్ల నడిచింది? బోరు పైపులో చెత్త పేరుకుంటే బిందెడు నీళ్లు పట్టుకునేటప్పుడు తెలీదు, మడికి నీళ్లు కట్టినప్పుడు తెలుస్తుంది. ఇదీ అంతే. బోల్టు దగ్గర 0.02 ఓముల అడ్డు ఉందనుకోండి. దాని గుండా 10 ఆంపియర్లు పోతే 0.2 వోల్టు పోతుంది, ఎవరికీ తెలీదు. చిన్న పెట్రోలు కారు స్టార్టరైనా 150 ఆంపియర్ల దాకా అడుగుతుంది. అప్పుడు అక్కడే 3 వోల్టులు మాయం. పైగా హెడ్‌లైట్లు, హారన్ బాడీ నుంచి ఎర్త్ తీసుకుంటాయి, ఇంజిన్ పట్టీతో వాటికి పనే లేదు. అందుకే లైట్లు భేషుగ్గా వెలుగుతాయి, ఇంజిన్ మాత్రం లేవదు.

దీనిలో మూడు మాయలు ఉన్నాయి, మూడింటిలోనూ నేను పడినాను.

ట్రాక్టర్‌తో స్టార్ట్ అయింది కాబట్టి బ్యాటరీదే తప్పు అనుకోవడం మొదటిది. నల్ల వైరు ఇంజిన్ ఇనుముకు పెట్టినాను కదా, చెడిపోయిన పట్టీని దాటేసి కరెంటు నేరుగా ఇంజిన్‌కు పోయింది. నేను చేసిన సరైన పద్ధతే జబ్బును దాచిపెట్టింది.

కొత్త బ్యాటరీతో నడిచింది కాబట్టి నయమైందనుకోవడం ఇంకోటి. నిండు బ్యాటరీకి కొంచెం ఎక్కువ బలం ఉంటుంది, ఆ అడ్డును తోసుకొని కొన్నాళ్లు లాగుతుంది.

మూడోది అన్నిటికంటే గడుసుది. ఆల్టర్నేటర్ కూర్చునేది ఇంజిన్ మీదే. బ్యాటరీకి ఛార్జింగ్ తిరిగి పోయేది ఆ పట్టీ గుండానే. పట్టీ బాగా లేకపోతే బ్యాటరీకి కడుపు నిండా తిండి పోదు, నెల తిరిగేసరికి నీరసించిపోతుంది. అప్పుడు పరీక్ష చేస్తే నిజంగానే "బ్యాటరీ వీక్" అని వస్తుంది. మీరు ఇంకో బ్యాటరీ కొంటారు. మా బావ డబ్బులు పెట్టినాడు, మాటలు నేను పడినాను.

రంగు కొట్టించకపోయినా ఇది వస్తుంది. నల్లరేగడి దారుల్లో చిమ్మిన బురద ఆ బోల్టు మీద ఎండి అంటుకుంటుంది, పైనున్న బ్యాటరీ నుంచి ఆమ్లం చుక్క పడుతుంది, లోపల తుప్పు. టౌన్లో రోజూ నడుస్తుంటే ఎట్లనో నెట్టుకొస్తుంది. పల్లెలో మూడు రోజులు నిలబడి, మంచుకు తడిసి, బ్యాటరీ కొంచెం దిగితే ఆ నాలుగో పొద్దున చిక్కుతుంది.

కనుక్కునేది సులభం. మీటర్ లేకపోతే, ట్రాక్టర్‌కు వాడిన వైర్లలో ఒక్క నల్లదాన్ని తీసుకోండి. ఒక కొన మీ బ్యాటరీ నెగటివ్‌కు, ఇంకో కొన ఇంజిన్‌ను ఎత్తే కొక్కీకి లేదా రంగు లేని ఇనుముకు గట్టిగా పట్టించండి. ఫ్యాను బెల్టు దగ్గర వద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి తాళం తిప్పండి. ట్రాక్టర్ సాయం లేకుండానే గుర్రుమని లేచిందంటే దొంగ దొరికినట్టే. వైరు సన్నదైతే ఈ పరీక్ష తప్పుతుంది, లావుది వెతకండి.

మీటర్ ఉంటే ఇంకా మేలు. 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఎర్ర ముల్లు ఇంజిన్ ఇనుము మీద, నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, మధ్యలోని సీసం పోస్టు మీదే) ఆనించి, ఒకరిని తాళం తిప్పమనండి. 0.2 లోపు వస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు దాటితే ఎర్త్ బాగలేదు. బావ కారుకు 2.8 వచ్చింది. ఒకవేళ ఎర్త్ బాగుండి కూడా టక్ అంటే అప్పుడు స్టార్టర్‌కు పోయే పాజిటివ్ తీగ, ఆ తర్వాతే స్టార్టర్ మోటారు. ఆ వరుస తప్పొద్దు.

బాగుచేసేది కూడా పెద్ద పని కాదు. ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయండి. పట్టీ రెండు కొనలూ విప్పండి. చాలా కార్లలో బాడీ వైపు బోల్టు బ్యాటరీ ట్రే కిందో పక్కనో దాక్కొని ఉంటుంది, ట్రే తీయాల్సి రావచ్చు. బోల్టు, లగ్గు, అవి కూర్చునే చోటు, మూడూ తెల్లగా మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దండి. రంగు ఉంటే గీకేయండి, రంగు పోతుందని జాలి పడొద్దు. పళ్ల వాషర్ వేసి బిగించండి. బిగించినాకనే పైన వాసలీన్ పూయండి, ముందే పూస్తే మళ్లీ అడ్డు పెట్టినట్టు. తీగ కొన దగ్గర రబ్బరు ఒలిచి చూస్తే రాగి పచ్చబడి పొడిపొడిగా ఉంటే తీగే మార్చాలి. ఇంటి వైరింగు తీగ పనికిరాదు. వెల్డింగు షాపులో దొరికే లావు కేబుల్‌కు లగ్గులు నొక్కించి తెచ్చుకోండి.

ఆఖరుగా ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటర్ పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే మూట సర్దుకొని బయల్దేరొచ్చు. కొన్ని కొత్త కార్లు కావాలనే ఛార్జింగ్ తగ్గించుకుంటాయి, వాటిలో లైట్లు, ఏసీ వేసి చూడండి.

ఇంజిన్ బాగా తిరుగుతోంది, అందుకోవడం లేదు

దీనికి బ్యాటరీతో, ఎర్త్‌తో పనిలేదు. ట్యాంకులో పెట్రోలు ఉందా అని సిగ్గుపడకుండా చూడండి. తాళం బొమ్మ డ్యాష్‌బోర్డు మీద మిణుకుమిణుకుమంటుంటే రెండో తాళంతో ప్రయత్నించండి. ఇంధన పంపు, సెన్సార్లు పోవడం ఉంటుంది గానీ అరుదు. అది పల్లెలో చెట్టు కింద తేలే పని కాదు, టౌన్ మనిషిని పిలిపించుకోండి.

తోసి స్టార్ట్ చేసేది మాన్యువల్ గేరు కార్లకే. ఆటోమేటిక్‌ను ఊరంతా కలిసి తోసినా ప్రయోజనం లేదు.

ఇంకొక్కటి. గడ్డివాము పక్కన నిలబెట్టిన కారైతే బానెట్ కింద ఎలుక పెంటికలు ఉన్నాయేమో చూడండి. సన్న తీగ కొరికి ఉంటే కలిపి టేపు చుట్టి ఇల్లు చేరొచ్చు. పెట్రోలు వాసన వస్తే మాత్రం పైపు కొరికినట్టు. తాళం ముట్టుకోవద్దు, బీడీ తాగే మామలను దూరంగా పంపండి, మనిషి వచ్చేదాకా ఇంకో పూట అత్తగారింటి వడలు తినండి. ఆ లోపల డిక్కీలోని చెనిక్కాయల మూట దించి ఒకసారి దులపండి. ఎలుక ఇంకా అందులోనే ఉండొచ్చు.