బొచ్చె పొట్ట ఉబ్బి పైపైన తిరుగుతుంటే: లిగులా బద్దెపురుగును పట్టుకోవడం, అడ్డుకోవడం

కనిపించేది

మేత తగ్గలేదు, నీళ్ల రంగు బాగానే ఉంది. అయినా కొన్ని బొచ్చెలు (కట్లా చేపలు) గుంపు వదిలి గట్టు వారన మెల్లగా తిరుగుతుంటాయి. వీపు సన్నబడి, పొట్ట మాత్రం బిగుసుకుని ఉంటుంది. మనిషి నీడ పడినా లోతుకు దూకవు. నీటికాకులు ముందు వాటినే ఎత్తుకుపోతాయి.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి, ఎండెక్కాక దిగిపోతే అది ఆక్సిజన్ సమస్య. పొలుసులు నిక్కబొడిచి, కళ్లు ఉబ్బి, పొట్టలో నీరు చేరితే బ్యాక్టీరియా జబ్బు. వానాకాలంలో పెద్ద ఆడచేప పొట్ట మెత్తగా ఉబ్బితే గుడ్లు కావచ్చు. ఇవేవీ కాదనిపిస్తే కోసి చూడండి, ఊహించి మందులు కొనొద్దు.

కోసి చూడటం

మలద్వారం దగ్గర చిన్న గాటు పెట్టి, కత్తెర మొనను పైకెత్తి పట్టుకుని తలవైపు కోయాలి. మొన లోపలికి దిగితే పేగు తెగుతుంది. అప్పుడు పురుగు పేగులో ఉందా, బయట ఉందా తేలదు. అసలు తేల్చాల్సింది అదే.

పేగు బయట, పొట్ట ఖాళీలో, తెల్లటి చదునైన నాడాలాంటిది జారివచ్చి నెమ్మదిగా ముడుచుకుంటూ సాగుతుంటే అది లిగులా పిల్లదశ. మధ్యలో పొడవునా సన్నని గాడి ఉంటుంది, కణుపులు కంటికి తెలియవు. జానెడు పొడవు మామూలే, మూరెడు కూడా ఉండొచ్చు. ఒకే చేపలో రెండు మూడు చుట్టుకుని ఉంటాయి. కాలేయం నలిగి, గుడ్లసంచి దారంలా మిగులుతుంది. ఈ చేప గుడ్డు పెట్టదు, కాబట్టి గుడ్ల కోసం పెంచే తల్లిచేపగా (బ్రూడర్‌గా) ఉంచుకోవద్దు.

కణుపులున్న పురుగు పేగు లోపల దొరికితే వేరే సంగతి. గడ్డిచేప, బంగారుతీగ పిల్లల్లో వచ్చే ఆ పురుగుకు పక్షితో పనిలేదు. మత్స్యశాఖ నిపుణుల సలహాతో మేతలో ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు ఇస్తే పోతుంది.

ఎందుకు వచ్చింది

నీటికాకి, బుడుబుంగ లాంటి చేపలు తినే పక్షి రెట్టతో పురుగు గుడ్లు నీళ్లలో పడతాయి. వాటి నుంచి వచ్చిన పిల్లను సైక్లాప్స్ అనే అతిచిన్న నీటి జీవి తింటుంది, సైక్లాప్స్‌ను చేప తింటుంది. పైపొరలో జంతుప్లవకాలను (సైక్లాప్స్ లాంటి నీళ్లలో తేలే చిన్న జీవులను) జల్లెడ పట్టి తినేది బొచ్చె, అందుకే ముందుగా దానికే తగులుతుంది. పొట్ట ఉబ్బు కనబడేసరికి నెలలు గడిచి ఉంటాయి. పక్షి కడుపులో మాత్రం పురుగు రెండు మూడు రోజుల్లోనే పెద్దదై, గుడ్లు పెట్టి, కొద్దిరోజుల్లో చస్తుంది. ఒక చేప నుంచి పక్క చేపకు నేరుగా అంటుకోదు.

ఏం చేయాలి

పట్టిన చేపకు నయం చేద్దామని డబ్బు పోయకండి. పురుగు పేగులో లేదు, మందుకు చచ్చినా ఆ నాడా బయటికి పోయే దారి లేదు, లోపలే కుళ్లుతుంది. పైన తిరిగేవాటిని రోజూ ఉదయం పక్షులకంటే ముందే చేతివలతో తీసి, కుక్కలు తవ్వనంత లోతున సున్నం చల్లి పూడ్చండి. మిగతావి సైజుకొస్తే పట్టుబడి ముందుకు జరపండి. పొట్టలోని పేగులు, పురుగులు తీసి బాగా ఉడికించిన చేప తినడానికి భయం లేదు. కానీ వాటిని గట్టున పారేస్తే పక్షికి మీరే పెట్టినట్టు.

సైక్లాప్స్‌ను మందు కొట్టి చంపాలన్న ఆలోచన సాగే పంటలో వద్దు. బొచ్చె తినేదే జంతుప్లవకాలను, అవి పోతే చేప ఎదగదు.

పట్టుబడి అయ్యాక చెరువు పగుళ్లిచ్చేదాకా ఎండగట్టండి. ఎండిన నేలలో గుడ్డు బతకదు. తేమ వదలని గుంటల్లో ఎకరానికి సుమారు 400 కిలోల లెక్కన పొడిసున్నం చల్లాలి. తూము దగ్గర 60 మెష్ (అంగుళానికి 60 కన్నులు) వలసంచి కట్టి నీళ్లు పెట్టండి. సంచి పొట్టిగా ఉంటే నాచు పట్టి పగిలిపోతుంది, రెండు మూడు మీటర్ల పొడవు కుట్టించి రోజూ దులపండి. పెద్ద సైక్లాప్స్ ఆగుతాయి. పిల్లవి దాటతాయి, కాబట్టి వల ఒక్కటే చాలదు.

కొల్లేటి చుట్టుపక్కల పదుల ఎకరాల చెరువుకు పైన వల కప్పడం కుదరదు. నర్సరీకి మాత్రం కప్పండి: రెండు అంగుళాల కన్నుల వలను స్తంభాల మీద బిగించి కట్టాలి. కుంగితే పక్షులు చిక్కుకుని చస్తాయి. వాటిని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. తర్వాతి పంటలో బొచ్చె వాటా తగ్గించి శీలావతి (రోహు) పెంచితే నష్టం తగ్గుతుంది.

కొత్త సీడ్ కొనేముందు 30 పిల్లల్ని కోయించండి. నూటికి పదింటిలో పురుగు ఉంటే, ఆ ముప్పైలో కనీసం ఒకటైనా బయటపడే అవకాశం 95 శాతం. ఐదు పిల్లల్ని కోసి బాగున్నాయని ట్రక్కు దింపించుకుంటే పురుగు తప్పించుకునే అవకాశమే ఎక్కువ.