స్టార్ సెంటర్ రిటైరయ్యాక ఆ చోటు నింపేదెలా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌మన్ (ముందు వరసలో నిలబడి ఎదుటివాళ్లని నెట్టేవాడు) పేరు కామెంటరీలో వినబడేది ఎక్కువగా తప్పు చేసినప్పుడే. అందుకే ఆ వరస మధ్యలో ఉండి, బంతి వెనక్కిచ్చి ప్రతి ప్లే (ఒక్కో ఎత్తు) మొదలెట్టే సెంటర్, ఏళ్ల తరబడి నిలబడ్డవాడు, వెళ్లిపోతే ఎంత పని పోయిందో జట్టుకి వెంటనే తెలియదు. అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఈ ఖాళీ ఎలా నింపుతాయో చూస్తే, హైదరాబాద్‌లో టాకిల్ (మనిషిని పట్టి పడగొట్టే అసలు ఆట) జట్టు నడిపేవాళ్లకి కూడా దారి దొరుకుతుంది.

ముందు కాగితం తీయండి. పాతాయన ఆడిన చివరి మూడు మ్యాచ్‌ల వీడియో పెట్టుకుని, ప్రతి ప్లేలో ఏం చేశాడో మూడు వరసల్లో రాయండి: ఒంటి పని, నోటి పని, బుర్ర పని. ఒంటి పని అంటే స్నాప్ (బంతి వెనక్కివ్వడం), ఎదుటివాణ్ణి ఆపడం, పక్కనుండే గార్డ్‌తో కలిసి ఒకణ్ణి నెట్టి (డబుల్ టీమ్), అక్కణ్ణుంచి ఎదుటి జట్టు రెండో వరసలో ఉండే లైన్‌బ్యాకర్ మీదికి వెళ్లడం. నోటి పని అంటే కేకలు. ‘మైక్’ లైన్‌బ్యాకర్ (లెక్క మొదలెట్టే మధ్యవాడు) ఎవరో కనిపెట్టడం బుర్ర పని; అది సెంటర్ అరిచి చెబితేనే మిగతా నలుగురూ తమ తమ మనుషుల్ని లెక్కపెట్టుకుంటారు. కొత్తవాడు స్నాప్ బ్రహ్మాండంగా ఇచ్చి ఈ కేక మర్చిపోతే, బంతి అందుకుని విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి మనిషి గార్డ్ పక్కనుంచి దూసుకొస్తాడు, తిట్లు గార్డ్‌కి పడతాయి. ఆ కాగితం ఉంటే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది.

రెండోది, మనిషిని ముందే తెచ్చి పక్కన నిలబెట్టాలి. ఈ విషయంలో ఫిలడెల్ఫియా ఈగల్స్ చేసింది అందరూ చదువుకోవాల్సిన పాఠం. 13 సీజన్లు ఆడిన సెంటర్ జేసన్ కెల్సీ 2024 మార్చిలో రిటైరయ్యాడు. కానీ కామ్ జర్గెన్స్‌ని 2022 డ్రాఫ్ట్‌లోనే (జట్లు వరసగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) రెండో రౌండ్‌లో, 51వ పిక్‌తో తెచ్చుకున్నారు. 2023లో అతన్ని కుడి గార్డ్‌గా ఆడించారు. అంటే ఏడాది పాటు కెల్సీ మోచేతి దూరంలో నిలబడి, ప్రతి కేకా విని, ప్రతి డబుల్ టీమ్‌లో భుజం కలిపాడు. 2024లో సెంటర్ అయ్యాడు; ఆ సీజన్ సూపర్ బౌల్‌ని (లీగ్ ఫైనల్) ఈగల్స్ 40-22తో గెలిచింది. అన్నట్టు కెల్సీ కూడా 2011లో ఆరో రౌండ్‌లో, 191వ పిక్‌గా వచ్చినవాడే. సెంటర్ పెద్ద పిక్‌తోనే దొరుకుతాడని లేదు. తయారు చేసుకునే ఓపిక కావాలి.

అలా టైం దొరక్కపోతే? 2025 జూన్‌లో డెట్రాయిట్ లయన్స్ సెంటర్ ఫ్రాంక్ రాగ్నౌ రిటైరైనప్పుడు డ్రాఫ్ట్ అయిపోయింది. లయన్స్ తన గార్డ్ గ్రాహమ్ గ్లాస్గోని సెంటర్‌కి జరిపింది. అప్పటికే అనుభవం ఉన్నవాడు కాబట్టి అది అర్థమున్న పని. అయితే లైన్ మధ్యలో మూడు చోట్లా మనుషులు మారారు. ఒక చొక్కా చిరుగు కుట్టడానికి ఇంకో చొక్కా చింపకూడదు: మీ గార్డ్ ఖాళీలోకి వచ్చేవాడు సిద్ధంగా లేకపోతే మంచి గార్డ్‌ని కదపొద్దు.

డిఫెన్స్ వైపు లెక్క వేరు. 2024లో డిఫెన్స్ స్టార్ ఆరోన్ డొనాల్డ్ రిటైరయ్యాక లాస్ ఏంజెలెస్ రామ్స్ అతని పనిని పంచేసింది. జారెడ్ వర్స్‌ని 19వ పిక్‌తో, బ్రేడెన్ ఫిస్క్‌ని 39వ పిక్‌తో తీసుకుంది. డిఫెన్స్‌లో ఒకరి పని ఇద్దరు పంచుకోవచ్చు. సెంటర్ పని మాత్రం అలా పంచుకోలేరు, బంతి ఒకడి చేతిలోనే ఉంటుంది.

ప్రొఫెషనల్ జట్టుకి డబ్బు లెక్క కూడా ఉంది. ఐదేళ్ల కాంట్రాక్టుకి 2.5 కోట్ల డాలర్ల సైనింగ్ బోనస్ ఇచ్చారనుకుందాం. జట్టు ఏడాదికి పెట్టగల జీతాల పరిమితిలో అది ఏడాదికి 50 లక్షల చొప్పున పడుతుంది. మూడేళ్లు ఆడి మానేస్తే మిగిలిన కోటి డాలర్లు ఒక్కసారే మీద పడతాయి. రిటైర్మెంట్ కాగితాలు జూన్ 1 దాటాక నమోదైతే ఈ ఏడాది 50 లక్షలు, వచ్చే ఏడాది 50 లక్షలు. కాబట్టి తేదీ గురించి ఆటగాడితో ముందే మాట్లాడుకోవాలి.

ఇక మన ఊరి సంగతి. ఇక్కడ సెంటర్‌ని వెతకాల్సింది జిమ్‌లో కాదు. పాతబస్తీ, బార్కస్ తాలీంలలో (కుస్తీ అఖాడాలు), కబడ్డీ కోర్టుల్లో వెతకండి. పహిల్వాన్‌కి నడుము దించి నెట్టడం, కబడ్డీలో కవర్‌లో ఆడేవాడికి పక్కవాడితో కలిసి కదలడం ఒంట్లోనే ఉంటాయి. మొదటి పరీక్ష చాలా తేలిక: మడమలు నేలకి ఆనించి గొంతుక్కూర్చోమనండి. మడమ లేస్తే చీలమండ బిగుసుకుపోయిందని అర్థం. అలాంటివాడు బరువెంత ఉన్నా వెనక్కి జరిగిపోతాడు. ఇద్దరికీ ఉన్న ఇబ్బంది పట్టు. దొరికినవాణ్ణి పట్టేసుకోవడం వాళ్లకి అలవాటు, ఇక్కడ అది హోల్డింగ్, 10 గజాల పెనాల్టీ. రెండు చేతుల్లో చెరో టెన్నిస్ బంతి పెట్టి బ్లాకింగ్ చేయించండి. వేళ్లు ఖాళీ లేకపోతే చేతులు ఎదుటివాడి చంకల మధ్యే, ఛాతీ మీదే పడటం నేర్చుకుంటాయి.

స్నాప్‌కి ఎనిమిది వారాలు పెట్టుకోండి. రోజుకి 100: 30 క్వార్టర్‌బ్యాక్ చేతి కిందికి, 70 షాట్‌గన్‌కి, అంటే వెనక 5 గజాల దూరంలో నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్‌కి. బంతి అతని బొడ్డుకీ ఛాతీకీ మధ్య అందాలి. ఎత్తుగా పోతోందంటే బంతికంటే ముందు నడుము లేస్తోంది. నేలకి తగులుతోందంటే బంతిని తొందరగా వదిలేస్తున్నాడు. పక్కకి పోతోందంటే మణికట్టు తిరుగుతోంది. మొదటి రెండు వారాలు ఎదురుగా ఎవరినీ పెట్టొద్దు. మూడో వారం నుంచి ఎదుటివాడు లేకుండా ఒక్క స్నాప్ కూడా వద్దు.

ఎందుకంటే అసలు కష్టం ఆ అర సెకనులో ఉంది. బంతి వదిలేసరికి కుడి చేయి ఇంకా కాళ్ల మధ్యే ఉంటుంది, ఎదుటివాడి రెండు చేతులూ అప్పటికే ఛాతీ మీద పడి ఉంటాయి. కాబట్టి ఎడమ చేయి ముందు వెళ్లాలి, బంతితో పాటే అడుగూ పడాలి. బంతి ఇచ్చేసి తర్వాత అడుగేద్దాం అనుకుంటే వెల్లకిలా పడతాడు.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 5:30కే మొదలెట్టండి. అప్పుడు కూడా ముంజేతి చెమట కారి బంతి మీదికి వస్తుంది. రెండు చేతులకీ రిస్ట్‌బ్యాండ్, నడుముకి తువ్వాలు ఉండాలి. వానాకాలం ముందు బకెట్‌లో ముంచిన బంతితో రోజుకి 20 స్నాప్‌లు చేయిస్తే ఆట రోజున కంగారు ఉండదు.

కేకలకి మాటలు చిన్నవి పెట్టుకోండి. మన జట్టులో తెలుగు, దక్కనీ, ఇంగ్లీషు కలిసి నడుస్తాయి, హడావిడిలో ‘కుడి’ అనగానే అందరికీ తట్టదు, పైగా ఎదుటివాళ్లకీ అర్థమవుతుంది. కుడికి ‘కూకట్’, ఎడమకి ‘ఎల్బీ’ అనుకుంటే మొదటి అక్షరమే గుర్తు చేస్తుంది. ప్రతి మ్యాచ్‌కీ మాటలు మార్చండి.

మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో పాతాయన ప్లేలన్నీ కొత్తవాడి మీద వేయొద్దు. స్నాప్ ఇచ్చీ ఇవ్వగానే పక్కకి పరిగెత్తి బ్లాక్ చేసే ప్లేలు కెల్సీ లాంటివాళ్లకి చెల్లుతాయి. వాటిని తీసేసి, గార్డ్‌తో డబుల్ టీమ్‌లు, తొందరగా వదిలే పాస్‌లు పెట్టండి. ఎదుటి జట్టు మొదటి ప్లే నుంచే సెంటర్ మీదికి మనిషిని పంపుతుంది. ఆ వైపు గార్డ్ సెంటర్‌కి సాయం చేయాలని ముందే రాసివ్వండి.

చివరిగా, గార్డ్‌లలో ఒకడి చేత ప్రతి ప్రాక్టీస్‌లో 20 స్నాప్‌లు ఇప్పించండి. 2024 సీజన్ ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్‌కి (సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్) జర్గెన్స్ వెన్ను సహకరించక, ఎడమ గార్డ్ లాండన్ డికర్సన్ సెంటర్‌గా మొదలెట్టాడు. డికర్సన్‌కి మోకాలి గాయమయ్యాక రెండో సగంలో మళ్లీ జర్గెన్సే దిగాల్సి వచ్చింది.