కిల్ట్ ఎలా కట్టుకోవాలి? ముందు ఎందుకో తేల్చుకోండి

ఎడిన్‌బరాలో చదువుకునే వాళ్లకో, గ్లాస్గోలో ఉద్యోగం చేసే వాళ్లకో ఏదో ఒక రోజు స్కాటిష్ స్నేహితుడి పెళ్లి పిలుపు వస్తుంది. "వీలైతే కిల్ట్ వేసుకుని రా" అంటాడు. కిల్ట్ అంటే స్కాట్లాండ్ మగవాళ్లు నడుముకు చుట్టుకునే, మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల గళ్ల బట్ట. అక్కడి నుంచి టెన్షన్ మొదలు. మనం కట్టుకోవచ్చా? వాళ్ల సంప్రదాయాన్ని వెక్కిరించినట్టు ఉంటుందేమో? నడుమ జారిపోతే?

కట్టుకోవచ్చు. పద్ధతిగా కట్టుకుంటే పెళ్లివారు సంతోషిస్తారు కూడా. జారిపోయే భయం అసలు అక్కర్లేదు, దానికి బకిళ్లు ఉంటాయి.

1. ఎందుకు కట్టుకుంటున్నారో తేల్చుకోండి

బట్ట, కోటు, ఖర్చు అన్నీ దీన్ని బట్టే ఉంటాయి. ప్రపంచంలో కిల్ట్ కట్టేవాళ్లందరి కారణం ఒకటి కాదు.

స్కాట్లాండ్‌లో చాలామందికి ఇది పెళ్లిళ్లకు, పండగలకు తీసే బట్ట. ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లే "టార్టన్ ఆర్మీ", అంటే స్కాట్లాండ్ జట్టు అభిమానులు మాత్రం కిల్ట్ మీద టీమ్ జెర్సీ వేసుకుని ఊళ్లు తిరుగుతారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ స్కాటిష్ సంతతికి ఇది తాతముత్తాతల గుర్తు. ఆ మమకారం వెనుక ఒక దెబ్బ ఉంది. 1746లో కలోడెన్ యుద్ధంలో జాకబైట్లు, అంటే గద్దె పోగొట్టుకున్న స్టువర్ట్ రాజవంశం కోసం తిరగబడ్డవాళ్లు, ఓడిపోయాక, బ్రిటిష్ ప్రభుత్వం స్కాట్లాండ్‌లో మగవాళ్లు కిల్ట్ కట్టడాన్నే నిషేధించింది. మొదటిసారి దొరికితే 6 నెలల జైలు, రెండోసారి దొరికితే 7 ఏళ్ల ద్వీపాంతరవాస శిక్ష. సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. 1782లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. అదే కిల్ట్‌ను 1822లో రాజు నాలుగో జార్జ్ ఎడిన్‌బరా వచ్చినప్పుడు తానే కట్టుకున్నాడు, కింద గులాబీ రంగు మేజోళ్లతో! ఆ సంబరాలు నడిపించింది రచయిత వాల్టర్ స్కాట్. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల నమూనా అనే లెక్క ఎక్కువగా బిగుసుకున్నది ఆ తర్వాతే.

అందుకే "ఆ రక్తం ఉంటేనే కట్టాలి" అనే మాట నాకు పెద్దగా నిలబడేదిగా అనిపించదు. స్కాట్లాండ్‌లోని సిక్కుల కోసం సింగ్ టార్టన్ అనే గళ్ల నమూనా కూడా ఉంది. ఇక ఏ సంబంధమూ లేకుండా, కాళ్లకు గాలి తగులుతుందని, కొండలెక్కడానికి హాయిగా ఉంటుందని కట్టేవాళ్లూ ఉన్నారు. జేబులున్న మోటు కాటన్ కిల్టులు వాళ్ల కోసం పుట్టినవే.

మీ కారణం పెళ్లి పిలుపు అనుకుని ముందుకు వెళ్దాం.

2. టార్టన్ ఎంచుకోండి

గళ్ల బట్టనే టార్టన్ అంటారు. పెళ్లికొడుకు వాళ్ల వంశపు టార్టన్ మీరూ కట్టాలా అనేది అతన్నే అడగండి. ఒక్కోసారి పెళ్లికొడుకు పక్కన నిలబడే స్నేహితులందరికీ ఒకే నమూనా తీసుకుంటారు. అలాంటిదేమీ లేకపోతే అందరూ కట్టుకునేవి బోలెడున్నాయి. ముదురు నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్‌ను మించిన సేఫ్ ఎంపిక లేదు. ఎర్రటిది కావాలంటే రాయల్ స్టీవర్ట్. బాల్మోరల్ టార్టన్ మాత్రం రాజకుటుంబానిది, దాని జోలికి వెళ్లకండి. కొత్త నమూనాలను నమోదు చేయడానికి ప్రభుత్వ రిజిస్టర్ 2009 నుంచి నడుస్తోంది.

3. కొనకండి, అద్దెకు తీసుకోండి

సంప్రదాయ కిల్టుకు దాదాపు 8 గజాల ఉన్ని బట్ట పడుతుంది, చేత్తో కుడతారు. ధర వందల పౌండ్లలో ఉంటుంది. ఒక్క పెళ్లి కోసం అంత పెట్టడం దండగ. అద్దె షాపులు కోటు, బూట్లు, మేజోళ్లతో సహా మొత్తం సెట్ ఇస్తాయి.

కొలతల దగ్గర జాగ్రత్త. మీ ప్యాంటు సైజు చెప్పకండి. ప్యాంటు నడుము కింద ఆగుతుంది, కిల్ట్ బొడ్డు దగ్గర కూర్చుంటుంది. టేపుతో అక్కడే కొలవాలి. పొడవు బొడ్డు నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు.

సాయంత్రం విందు ఘనంగా ఉంటే ప్రిన్స్ చార్లీ అనే పొట్టి కోటు, లోపల వెయిస్ట్‌కోటు, బో టై. పగటి పెళ్లికి ఆర్గైల్ కోటు, మామూలు పొడుగు టై సరిపోతాయి. వెయిస్ట్‌కోటు వేసుకుంటే బెల్టు పెట్టుకోకండి.

4. మేజోళ్లు, బూట్లు ముందు

కిల్ట్ కట్టాక కిందికి వంగడం కష్టం. కాబట్టి చొక్కా, మేజోళ్లు, బూట్లు ముందే పూర్తి చేయండి.

మేజోడు పైఅంచును మడవండి. మడత మోకాలి చిప్పకు మూడు వేళ్ల కింద ఉండాలి. ఆ మడత లోపల రిబ్బన్ ఉన్న సాగే పట్టీ పెట్టుకోవాలి. రిబ్బన్ కొస కాలి బయటి వైపు కనిపించాలి.

గిల్లీ బ్రోగ్స్ అనే ఆ బూట్లకు నాలుక ఉండదు, లేసులు మాత్రం చాంతాడంత ఉంటాయి. బిగించి, ముందు వైపు రెండు మూడు మెలికలు వేసి, చీలమండ వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చి ముడి వేయండి. పిక్కల దాకా చుట్టకండి. ఫొటోల్లో కొత్తవాళ్లను పట్టిచ్చేది అదే.

5. ఇప్పుడు కిల్ట్

పంచె కట్టడం వచ్చినవాళ్లకు ఇది తేలికే, కాకపోతే కుచ్చిళ్లు ముందుకు కాదు, వెనక్కి వస్తాయి.

కిల్టును వెనక నుంచి నడుముకు ఆనించి పట్టుకోండి. కుచ్చిళ్లు సరిగ్గా వెన్నెముకకు మధ్యలో ఉండాలి. కుడి చేతిలోని చదును అంచును ముందు నుంచి ఎడమ వైపుకు తీసుకెళ్లండి. ఎడమ పక్క చిన్న చీలిక ఉంటుంది. అంచుకున్న పట్టీని అందులోంచి బయటికి లాగి బకిల్ పెట్టండి. తర్వాత ఎడమ అంచును దాని మీదుగా కుడి తుంటికి తెచ్చి అక్కడి బకిళ్లు పెట్టండి. దారాల కుచ్చు వేలాడే అంచు మీ కుడి వైపు ఉంటే సరిగ్గా కట్టినట్టే. ఎడమ వైపు ఉంటే తిరగబడింది, మళ్లీ మొదలుపెట్టండి.

అద్దంలో చూసుకోండి. బట్ట అంచు ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉందా? ముందు కిందికి వేలాడుతుంటే నడుము దగ్గర పైకి లాగాలి. పొట్ట ఉన్నవాళ్లు కిల్టును పొట్ట కిందికి దించేస్తారు, దాంతో అది మోకాళ్లు దాటి గౌనులా అయిపోతుంది. పొట్ట మీదుగానే కట్టండి, వెయిస్ట్‌కోటు కప్పేస్తుంది.

కిల్టుకు అలంకారంగా పెట్టే పిన్నును కుడి కింది మూలలో, పై పొరకు మాత్రమే గుచ్చండి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే నడిచేటప్పుడు బట్ట చిరుగుతుంది.

6. స్పోరాన్, చిన్న కత్తి

సంప్రదాయ కిల్టుకు జేబులు ఉండవు. ముందు వేలాడే తోలు సంచి, అంటే స్పోరాన్, ఆ లోటు తీరుస్తుంది. దాని గొలుసును వెనక ఉన్న లూపుల్లోంచి తీసి, సంచి పైఅంచు వెయిస్ట్‌కోటు చివరి నుంచి నాలుగు వేళ్ల కింద ఉండేలా బిగించండి.

కుడిచేతి వాటం వాళ్లు కుడి మేజోట్లో స్కీన్ దూ అనే చిన్న కత్తి పెట్టుకుంటారు, పిడి పైభాగం మాత్రమే కనిపించేలా. బయట కత్తి పట్టుకు తిరగడం అక్కడ నేరమే అయినా, జాతీయ వేషధారణలో భాగంగా పెట్టుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. అయినా కొన్ని హాళ్లు వద్దంటాయి, ముందే కనుక్కోండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. షాపు వాళ్లు బొమ్మ కత్తి ఇస్తే హాయిగా తీసుకోండి.

7. కూర్చోవడం, ఆడటం, ఆ ప్రశ్న

కూర్చునే ముందు చేత్తో వెనక కుచ్చిళ్లను కిందికి నిమిరి, అప్పుడు కూర్చోండి. మోకాళ్లు దగ్గరగా ఉంచి, స్పోరాన్‌ను మధ్యలోకి వదిలేయండి.

లోపల ఏం వేసుకోవాలని అందరూ అడుగుతారు. సైనికుల పేరు చెప్పి ఏమీ వేసుకోకూడదని జోకులేస్తారు. అద్దె బట్ట అది, మీ ముందు ఎవరో కట్టారు, మీ తర్వాత ఇంకొకరు కడతారు. లోదుస్తులు వేసుకోండి. పైగా భోజనాలయ్యాక కేలీ అనే స్కాటిష్ జానపద నాట్యం ఉంటుంది. అందులో స్ట్రిప్ ది విల్లో అనే ఆటలో అవతలివాళ్లు చేయి పట్టుకుని గిరగిరా తిప్పేస్తారు, కుచ్చిళ్లు ఎగురుతాయి. ఆట మొదలయ్యే ముందు స్పోరాన్‌ను పక్కకు, తుంటి మీదికి జరుపుకోండి. లేదంటే ప్రతి గెంతుకూ అది తగలరాని చోట తగులుతుంది.

ఇంటికొచ్చాక కిల్టును కుర్చీ మీద పడేయకుండా క్లిప్పుల హ్యాంగరుకు తగిలించండి. షాపుకు తిరిగి ఇచ్చే ముందు స్పోరాన్ తెరిచి ఇంటి తాళాలు, కార్డులు తీసుకోండి.