సంస్థ లెక్కలు నేర్చుకుందాం – 3వ పాఠం: ఏ డబ్బు ఏ పనిది?

పోయిన పాఠంలో క్యాష్ బుక్ రాయడం, వోచర్లకు నంబర్లు వేయడం చూశాం. ఈ పాఠం ఒక్క విషయం గురించే: బ్యాంకులో ఉన్న డబ్బంతా మన ఇష్టానికి ఖర్చు పెట్టుకునేది కాదు.

చెరువుగట్టు స్వామికి ముడుపు కట్టిన ఇంట్లో బియ్యం నిండుకున్నా ఆ మూట విప్పరు. ఫలానా పనికని వచ్చిన గ్రాంటు కూడా అంతే. దాన్ని ప్రత్యేక నిధి అందాం. ఏ షరతూ లేకుండా వచ్చిన చందా సాధారణ నిధి.

ఫ్లోరైడ్ నీళ్లతో ఏళ్ల తరబడి బాధపడ్డ మర్రిగూడ వైపు ఒక సొసైటీ ఉందనుకుందాం. బడిలో వాటర్ ఫిల్టర్ కోసం ఒక దాత 3,00,000 ఇచ్చారు. ఊరివాళ్ల చందాలు 60,000 వచ్చాయి. ఫిల్టర్ పనికి 1,80,000, జీతాలకు, అద్దెకు 48,000 ఖర్చయ్యాయి. పాస్‌బుక్‌లో 1,32,000 కనిపిస్తుంది. అందులో 1,20,000 ఫిల్టర్‌దే. సంస్థ నడపడానికి మిగిలింది 12,000. వచ్చే నెల జీతాలు 20,000 అయితే 8,000 తక్కువ పడుతుంది. పాస్‌బుక్ ఈ మాట చెప్పదు, మన లెడ్జరే (పద్దులవారీగా లెక్క రాసే పుస్తకం) చెప్పాలి.

అందుకని క్యాష్ బుక్‌లో 'నిధి' అని ఇంకో గడి గీయండి. ప్రతి రసీదు మీద, వోచర్ మీద నిధి పేరు రాయండి. లెడ్జర్‌లో ఒక్కో నిధికి ఒక్కో పేజీ పెట్టండి. నెలాఖరున ఆ పేజీల మిగులంతా కూడితే బ్యాంకు నిల్వ, చేతి నగదు కలిపిన మొత్తానికి సరిపోవాలి.

నేను లెక్కలు రాసిన మొదటి సంస్థలో ఈ గడి లేదు. జీతాలు ఆగుతాయన్న టెన్షన్‌లో కుట్టుమిషన్ల గ్రాంటులోంచి 'తర్వాత సర్దుదాం' అని తీశాం. సర్దలేకపోయాం. ఆ ఏడాది కొంతమంది ఆడవాళ్లకు మిషన్లు అందలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. జీతాలకు తక్కువ పడుతుందని ముందే తెలిస్తే కమిటీలో చెప్పండి, దాతను రాతపూర్వకంగా అడగండి. చెప్పకుండా మాత్రం తీయకండి.

విదేశీ విరాళానికి నియమం ఇంకా గట్టిది. విదేశీ విరాళాల చట్టానికి (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020లో చేసిన సవరణ తర్వాత అది ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. స్థానిక చందాలతో కలపకూడదు.

అభ్యాసం: ఏప్రిల్ 1 నుంచి మీ పాస్‌బుక్ తీసి, జమ అయిన ప్రతి మొత్తం పక్కన అది ఏ నిధిదో పెన్సిల్‌తో రాయండి. తేలనివాటికి ప్రశ్నార్థకం పెట్టండి. వచ్చే పాఠం వాటితోనే మొదలుపెడదాం.