కడప నుంచి తిరుమలకు మొదటిసారి నడుస్తున్నారా? మజిలీలు ఇలా వేసుకోండి

మా మొదటి పాదయాత్ర ప్లాన్ మొత్తం ఒక్క భాగహారం. కడప నుంచి తిరుపతి దాదాపు 140 కిలోమీటర్లు, దొరికిన సెలవు ఐదు రోజులు. 140ని ఐదుతో భాగిస్తే 28. "రోజుకు 28 అంతే కదా, తెల్లారుజామున లేస్తే అయిపోతుంది" అన్నాడు మా బావ. మొదటి రోజు గోవింద నామాలు చెప్పుకుంటూ ఊపు మీద ఒంటిమిట్ట చేరిపోయాం. రెండో రోజు రాజంపేట. మూడో రోజు పొద్దున బావ సాక్స్ తీస్తే మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. చిట్లిపోయి, తోలు సాక్స్‌కు అంటుకుని వచ్చింది. పుల్లంపేటలో ముగ్గురు బస్సెక్కేశారు. ఐదుగురం బయల్దేరితే అలిపిరి దాకా నడిచింది ఇద్దరం.

ఆ తర్వాత ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. మూడో రోజు పొద్దున లేచి మామూలుగా నిలబడగలిగేంత మాత్రమే మొదటి రెండు రోజులు నడవండి. మిగతా ప్లాన్ అంతా దాని చుట్టూనే కట్టుకోవాలి.

1. ముందు మీ కాలు ఎంతో తెలుసుకోండి

యాత్రకు నెలన్నర ముందు మొదలుపెట్టండి. ఏదో ఒక ఆదివారం పొద్దున పది కిలోమీటర్లు నడవండి. పార్కులో గుండ్రంగా కాదు, తారు రోడ్డు మీద, యాత్రకు వేసుకునే చెప్పులు లేదా బూట్లతో, భుజాన సంచితో. రెండు వారాలు పోయాక శని, ఆదివారాలు వరసగా పదిహేనేసి నడవండి. ఇక్కడ చూడాల్సింది శనివారం నడక కాదు. ఆదివారం పొద్దున మంచం దిగేటప్పుడు ఏం జరిగిందో చూడండి. గోడ పట్టుకోకుండా బాత్రూమ్ దాకా వెళ్ళగలిగితే మీ రోజు కోటా పదిహేను అనుకోవచ్చు. గోడ పట్టుకుంటే పన్నెండు.

నడక వేగం గంటకు నాలుగు కిలోమీటర్లని లెక్క వేసుకోండి. టీలు, గుళ్ళు, రాళ్ళు దులుపుకోవడాలు కలిపితే 16 కిలోమీటర్లకు ఐదున్నర గంటలు హాయిగా పడుతుంది. గుంపులో ఐదుగురుంటే లెక్క అందరికన్నా మెల్లగా నడిచేవారిది. మా గుంపులో ఆ మనిషి పిన్ని. కానీ కొండ ఎక్కిన ఇద్దరిలో ఆవిడ ఒకరు.

2. పడుకునే చోట్లు ముందు, కిలోమీటర్లు తర్వాత

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య తిరుపతి నుంచి కడపకు ఈ దారినే వెళ్ళారు. ఆయనకు పల్లకీ ఉంది, పరివారం ఉంది. అయినా ప్రతి మజిలీలో నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా అనే రాసుకుంటూ పోయారు. రెండొందల ఏళ్ళకు మనం చేయాల్సిందీ అదే, కాకపోతే చేతిలో ఫోన్ ఉంటుంది.

మ్యాప్‌లో రాత్రి ఉండగలిగే ఊళ్ళు గుర్తించండి. లాడ్జీ, సత్రం, కళ్యాణ మండపం, తెలిసినవాళ్ళ ఇల్లు ఏదైనా సరే. ముందే ఫోన్ చేసి మాట్లాడండి. రెండు ఊళ్ళ మధ్య దూరం మీ కోటా దాటిపోతే కంగారు పడొద్దు. నడక ఆగిన చోటే పడుకోవాలని నియమం ఏమీ లేదు. సాయంత్రం ఆగిన దగ్గర కిలోమీటరు రాయి ఫోటో తీసుకుని, బస్సెక్కి పెద్ద ఊరికి పోయి పడుకుని, పొద్దున అదే రాయి దగ్గర దిగి మొదలుపెట్టండి. కడప, తిరుపతి మధ్య బస్సులు రోజంతా తిరుగుతాయి. రైలు మార్గం కూడా ఈ దారి పక్కనే పోతుంది. కొందరు "అలా చేస్తే పుణ్యం తగ్గుతుంది" అంటారు. వాళ్ళు ఎన్ని కిలోమీటర్లు నడిచారో అడిగి చూడండి.

3. దారిని ముక్కలు చేయడం

కింద ఇచ్చినవి సుమారు దూరాలు. మీరు దిగే గుమ్మం దాకా మ్యాప్‌లో కొలుచుకోండి.

ముందు రోజు సాయంత్రమే దేవుని కడప చేరుకోండి. తిరుమలకు ఇది తొలి గడప అని పేరు. ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి మొక్కుకునే గుడి. దర్శనం చేసుకుని పెందలాడే పడుకోండి.

మొదటి రోజు భాకరాపేట, 15 కిలోమీటర్లు. ఇంకా నడవగలం అనిపిస్తుంది, ఆగిపోండి. రెండో రోజు ఒంటిమిట్ట, 11 లేదా 12. పది గంటలకల్లా చేరిపోతారు, కోదండరామాలయంలో తీరిగ్గా కూర్చోవచ్చు. గర్భగుడిలో రాముడి పక్కన హనుమంతుడు లేని గుడి ఇది. టెంకాయ చిప్ప పట్టుకుని బిచ్చమెత్తి మరీ ఈ గుడిని బాగుచేయించిన వావిలికొలను సుబ్బారావు గారి కథ అక్కడ ఎవరినడిగినా చెబుతారు.

మూడో రోజు నందలూరు, 16. నా నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీ ఇలా ఉంటుంది:

"ఒంటిమిట్ట – నందలూరు. లేవడం 4:00. బయల్దేరడం 4:45, టార్చి, రేడియం జాకెట్. 6:30 మొదటి టీ, సాక్స్ తీసి కాళ్ళు ఆరబెట్టాలి. మంటపంపల్లె దగ్గర టిఫిన్, నీళ్ళు రెండు లీటర్లు నింపాలి. 10:30 లోపు నందలూరు. ఆగాల్సి వస్తే: నందలూరు స్టేషన్ లేదా రోడ్డు మీద బస్సు."

ప్రతి రోజుకూ ఇలాంటి పేజీ ఒకటి రాసుకోండి. చివరి లైను మాత్రం వదలొద్దు. ఎక్కడ ఆగిపోవచ్చో ముందే తెలిస్తే టెన్షన్ సగం పోతుంది.

నందలూరు సౌమ్యనాథస్వామి గుడి చోళుల కాలం నాటిది. కోరిక చెప్పుకుని తొమ్మిది ప్రదక్షిణలు చేయడం ఆనవాయితీ. 16 కిలోమీటర్లు నడిచొచ్చి ఆ పెద్ద ప్రాకారం చుట్టూ తొమ్మిది తిరిగితే ఏమవుతుందో మేం చూశాం కాబట్టి, ప్రదక్షిణలు మర్నాడు పొద్దున పెట్టుకోండి.

ఎందుకంటే నాలుగో రోజు కావాలనే చిన్నది. రాజంపేట దాకా పదే. బట్టలు ఉతుక్కోవాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి, మధ్యాహ్నం నిద్రపోవాలి. ఓపికుంటే ఆటోలో అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక చూసి రావచ్చు. ఈ సగం సెలవు లేకుండా వేసిన ప్లాన్ ఏదైనా నాకు నమ్మకం ఉండదు.

ఐదో రోజు పుల్లంపేట, 14. ఆరో రోజు రైల్వే కోడూరు, దాదాపు 22. ఇదే పొడవైన రోజు. అప్పటికి కాళ్ళు గట్టిపడి ఉంటాయి కాబట్టి ఇక్కడ పెట్టాను. వద్దనుకుంటే ఓబులవారిపల్లె దగ్గర రెండుగా విరవండి. మామిడి, అరటి, బొప్పాయి తోటల దారి, కళ్ళకు బాగుంటుంది. పండ్ల లారీలు కూడా ఎక్కువే, జాగ్రత్త.

కోడూరు నుంచి తిరుపతి 50 పైచిలుకు. శెట్టిగుంట, బాలపల్లె, మామండూరు, కరకంబాడి మీదుగా మూడు రోజులు. ఇక్కడ ఊళ్ళు చిన్నవి, అడవి పెద్దది. రాయి ఫోటో, బస్సు పద్ధతి పనికొచ్చేది ఇక్కడే. రెండు రాత్రులు కోడూరులో, మూడోది తిరుపతిలో పడుకుంటే సరిపోతుంది.

4. అడవి ముక్కకు వేరే టైమ్‌టేబుల్

మిగతా రోజులు చీకటితో లేచి నడిచినా, బాలపల్లె దగ్గర అడవిలో మాత్రం బాగా తెల్లవారాకే అడుగు పెట్టండి. నలుగురైదుగురు కలిసి, హైవే వదలకుండా నడవండి. 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దగ్గర అడవి దారిన పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు. కుక్కలదొడ్డి వైపు నుంచి కొండకు అన్నమయ్య నడిచాడని చెప్పే పాత దారి ఉంది, దగ్గర దారి అని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. అది శేషాచలం అడవి. అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళొద్దు.

హైవే మీద ఎప్పుడూ కుడి పక్కన, ఎదురొచ్చే బండ్లు కనబడేలా నడవండి. వెనక నుంచి వచ్చే లారీని చెవులతో చూడలేం.

5. పూట, కాలం, సంచి

పొద్దున పదిన్నరకు నడక ఆపాలి. మిగిలితే సాయంత్రం నాలుగున్నర తర్వాత గంటన్నర. మధ్యాహ్నం కడప ఎండతో పందెం వద్దు. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నవంబరులో ఈ వైపు వానలు గట్టిగా పడతాయి, 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది ఆ వానలకే. వైకుంఠ ఏకాదశికి సరిగ్గా చేరేలా వేసుకోవద్దు, కొండ మీద కాలు పెట్టే చోటు ఉండదు.

సంచి ఐదారు కిలోలు దాటకూడదు. రెండు జతల బట్టలు, దుప్పటి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ఆధార్, ఛార్జర్. తిండి మోయనక్కర్లేదు, దారంతా ఉగ్గాని, దోసె, సంగటి దొరుకుతాయి.

6. కాళ్ళు

బొబ్బ రాకముందు ఒక చోట వెచ్చగా, చురుక్కుమంటుంది. అప్పుడే, అక్కడే కూర్చోండి. సాక్స్ తీసి, ఆరబెట్టి, ఆ చోట ప్లాస్టర్ అంటించండి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని మా బావ అన్నది సరిగ్గా అప్పుడే. కొత్త బూట్లతో బయల్దేరొద్దు, నెల వాడినవై ఉండాలి, వేళ్ళ ముందు కాస్త ఖాళీ ఉండాలి. బొబ్బ వస్తే పైతోలు పీకొద్దు.

వట్టి కాళ్ళతో నడుస్తామని మొక్కుకున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళు రోజు కోటా మూడో వంతు తగ్గించి, తారు వేడెక్కకముందే ఆగాలి. షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆ మొక్కు మొక్కకండి. కాలికి దెబ్బ తగిలినా తెలియదు.

7. కొండను విడిగా ఒక రోజు అనుకోండి

తిరుపతి చేరిన సాయంత్రమే అలిపిరి ఎక్కేయాలని మనసు లాగుతుంది. వద్దు, పడుకోండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్లకు వాడే కండరాలు వేరు, తొమ్మిది రోజులు చదును మీద నడిచిన తొడలు అలిపిరి దారిలోని మోకాళ్ళ మిట్ట దగ్గర మొరాయిస్తాయి. చెప్పులతో ఎక్కుతూ చిన్ననాటి అన్నమయ్య సొమ్మసిల్లిందీ, అలమేలుమంగ కలలో కనబడి చెప్పులు విప్పి ఎక్కమన్నదీ అక్కడే అంటారు.

2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలయ్యాక, పిల్లలతో ఎక్కేవారికి వేళల ఆంక్షలు పెట్టారు. ఆ నిబంధనలూ, దర్శనం టోకెన్ల పద్ధతీ మారుతుంటాయి. బయల్దేరే ముందు రోజు దేవస్థానం సమాచారం చూసుకోండి.

దర్శనం అయ్యాక దిగేటప్పుడు మాత్రం బస్సే. పిన్ని ఈ ఒక్క విషయంలో నా మాట వినలేదు. మెట్ల మీదుగానే దిగింది, వారం రోజులు ఇంట్లో గడప కూడా పక్కవాటంగా దాటింది.